ముసలమ్మకు తూర్పున

ఫిబ్రవరి 9

ఈ రోజు భోజనాల దగ్గర ఒక తమాషా జరిగింది. రాసుకోవలసినంత సంగతేమీ కాదు. అయినా రాస్తున్నాను.

తమ్ముడి ఆస్పత్రి నుంచి ఇద్దరు స్నేహితులు వచ్చారు. వాడిలాగే ఎక్స్‌రే గదిలో పనిచేసేవాళ్ళు. వంటంతా నాది, వడ్డన మరదలిది. వండినవాళ్ళకు చెమట, వడ్డించినవాళ్ళకు పేరు. ఇది ఏ ఇంట్లోనైనా ఉన్నదే. వాళ్ళలో పొట్టిగా ఉన్నతను మరదలిని అడిగాడు, మీరు ఇన్నేళ్ళుగా చూస్తున్న ఆ గెలాక్సీ ఎలా ఉంటుందండీ అని. ఆవిడకు కావలసింది అదే. గరిటె పక్కన పడేసి మొదలుపెట్టింది. ఉత్తరాన, ధ్రువ నక్షత్రానికీ సప్తర్షులకూ మధ్య ఎక్కడో ఉంటుందని, ఉత్త కంటికి కనబడదని, పక్కనుంచి చూస్తే పప్పుగింజలా నడుమ ఉబ్బి అంచులు సన్నగా ఉంటుందని చెప్పింది. నేనూ ఆవిడా పనిచేసే ఖగోళశాస్త్ర డిపార్ట్‌మెంటులో అందరూ దాన్ని ముసలమ్మ అనే పిలుస్తారు. ఆ పేరెందుకు వచ్చిందని అడిగాడు పొట్టాయన.

"లోపలి వాయువంతా అయిపోయిందండీ. ఇంక కొత్త నక్షత్రాలు పుట్టవు. పైకి మాత్రం నున్నగా, ఒక్క మరక లేకుండా ఉంటుంది. చుట్టూ చిన్న కుటుంబం ఉంది, కొన్ని గెలాక్సీలు. వాటిని ఎక్కడికీ పోనివ్వదు. మరీ దగ్గరికొచ్చినదాన్ని మెల్లగా పీల్చేస్తుంది." అని నా వైపు చూసి నవ్వింది. "మా వదినే అనుకోండి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తమ్ముడు అందరికంటే ఎక్కువ నవ్వాడు. నేను లేచి మంచినీళ్ళ జగ్గు నింపుకొచ్చాను.

ఫిబ్రవరి 10

అది జోకు. జోకును జోకులాగే తీసుకోవాలి.

ఫిబ్రవరి 14

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. నేను పావు మొగుణ్ణి కూడా కాదు. మరదలు ఏ వేళకు లేచినా, ఏ వేళకు వచ్చినా నేను అడగను. తడి తువ్వాలు నా కుర్చీ మీద ఆరేసినా పన్నెత్తి ఒక మాట అనను, తీసి దండెం మీద వేస్తాను, అంతే. ఆవిడే అంటుంది, "మా వదినకి ఓపిక ఎక్కువండీ" అని. ఓపిక ఉన్నవాళ్ళను మెచ్చుకోవడంలో ఒక సుఖం ఉంది, ఇంకొంచెం బరువు పెట్టొచ్చు.

అమ్మ పోయేనాటికి తమ్ముడికి చెప్పుల పట్టీ పెట్టుకోవడం కూడా రాదు. తర్వాత జరిగిందంతా అందరికీ తెలిసిందే. నేనేం త్యాగాలు చేయలేదు. నాకు పెళ్ళి మీద ధ్యాస లేకపోయింది, అంతే. ఈ మాట ఎవరడిగినా ఇలాగే చెప్తాను, ఎవరూ అడగకపోయినా చెప్తాను.

డిపార్ట్‌మెంటులో నా పని ఆకాశపటాలు గీయడం. టెలిస్కోపు పెద్ద గెలాక్సీ దగ్గరికైతే దానంతటదే తిరుగుతుంది. దాని చుట్టుపక్కల కనీ కనబడని మసక చుక్క ఏది కావాలన్నా మాత్రం మనిషి పటం చూసి, ఇదిగో ఇదీ అని గుర్తుపట్టి, దాని వెలుగు కొలత పరికరంలోని సన్నని చీలికలోకి వచ్చేట్టు సర్దుకోవాలి. ఆ పటం నాది. మూలన నా పొడి అక్షరాలు, కింద తేదీ. పెద్ద చదువులు చదివినవాళ్ళు, నా కళ్ళ ముందు విద్యార్థులుగా వచ్చి ఇప్పుడు నా సెలవు చీటీల మీద సంతకాలు పెట్టే హోదాకెళ్ళినవాళ్ళు, అందరూ నా పటాలు పట్టుకునే టెలిస్కోపున్న కొండెక్కుతారు. ఇంతవరకు ఒక్కరు కూడా తప్పు చుక్క దగ్గరికి వెళ్ళలేదు.

మరదలిని ఈ డిపార్ట్‌మెంటుకు పరిచయం చేసింది నేనే. తమ్ముడికి పరిచయం చేసింది కూడా నేనే. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో వేరే చెప్పాలా.

ఫిబ్రవరి 17

మరదలికి కొండ మీది పెద్ద టెలిస్కోపులో సగం రాత్రి దొరికింది. ఇంట్లో గంతులేసింది, నన్ను పట్టుకుని తిప్పింది. నా కళ్ళజోడు కింద పడింది.

ముసలమ్మ దగ్గర ఒక మసక చుక్క ఉంది. మా పాత కెమెరా తీసిన బొమ్మల్లో మొదట చూసింది మరదలే. కూన అని పేరు పెట్టింది. ఆ కూన ముసలమ్మ కుటుంబంలోదే అని, ముసలమ్మ దాని వాయువునంతా లాగేసిందని ఆవిడ వాదం. తేల్చడం తేలికే. ఒక కుటుంబంలోని గెలాక్సీలన్నీ ఇంచుమించు ఒకే వేగంతో మననుంచి దూరంగా పోతుంటాయి. వేగం కలిస్తే ఇంటిమనిషి. కలవకపోతే ఎక్కడో వెనకాల దారినపోయేవాడు, మన కంటికి పక్కన నిలబడ్డట్టు కనబడ్డాడు, అంతే.

సగం రాత్రి చాలు. వేగం తెలిస్తే మార్చిలో జరిగే ఉపన్యాసంలో చెప్తుంది. ఆ ఉపన్యాసం విని సున్నా సారు కమిటీ ఉద్యోగం ఇస్తుంది, లేదా ఇవ్వదు. సున్నా సారంటే కమిటీ పెద్ద. ఎవరి పరీక్ష పేపరైనా సున్నాతో మొదలుపెట్టి పైకి దిద్దుతాడని ఆ పేరు వచ్చింది. ఆయన ఎదుట ఒక్క కొలత తప్పినా ఇంక ఆ మనిషి వైపు చూడడట. శాశ్వత ఉద్యోగం, జీవితాంతం ఉంటుంది. పోస్టు ఎక్కడో నేను అడగలేదు. మా దగ్గరే అనుకున్నాను.

ఫిబ్రవరి 26

పొద్దున్నుంచి మరదలి పటం పని మీదే కూర్చున్నాను. మధ్యాహ్నం తమ్ముడు ఆఫీసుకొచ్చాడు. వాడెప్పుడూ రాడు. బయట బల్ల మీద కూర్చుందాం రా అక్కా అన్నాడు. పని మధ్యలో లేవనంటే, సరే అని నా గదిలోనే తలుపు దగ్గరేసి నిలబడి చెప్పాడు.

ఆ ఉద్యోగం ఇక్కడ కాదు. కొండ దగ్గరి ఊళ్ళో. ఇక్కడికి ఒక పగలంతా ప్రయాణం. అక్కడి ఆస్పత్రిలో ఎక్స్‌రే వాళ్ళు కావాలట, వీడు మాట్లాడుకుని కూడా వచ్చాడు. ఇల్లు చూసుకున్నారు. ఎన్ని గదులు అని అడిగాను. ఒకటే పడకగది, కానీ బాల్కనీ పెద్దదని చెప్పాడు. బాల్కనీ నాకేం పనికొస్తుందో ఆలోచించకుండా చెప్పాడు పాపం.

"నువ్వు అప్పుడప్పుడూ వచ్చి ఉండొచ్చు అక్కా" అన్నాడు.

అప్పుడప్పుడూ.

మంచిదేరా అన్నాను. చాలా సంతోషం అన్నాను. వాడి భుజం మీద దారం ఉంటే తీసేశాను. వాడు వెళ్ళాక పటం పూర్తిచేసి, పొడి అక్షరాలు వేసి, మరదలి బల్ల మీద పెట్టొచ్చాను. రెండు మూడు కొత్త కిటికీ తెరలు కొనాలనుకున్నాను హాల్లోకి. ఇప్పుడెందుకు.

ఫిబ్రవరి 27

పటం తప్పు.

మా పాత కెమెరాలో వెలుగు అద్దాల మీద పడి వస్తుంది, అందుకని బొమ్మ అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారి వస్తుంది. తిరగేసి, ఆ తర్వాత దిక్కులు రాయాలి. పై అంచున ఉత్తరం, ఎడమ పక్కన తూర్పు, ఆకాశపటానికి అదే పద్ధతి. నిన్న నేను బొమ్మ తిరగేయలేదు. చెయ్యి అలవాటుకొద్దీ దిక్కులు మాత్రం రాసేసింది. కూన నిజానికి ముసలమ్మకు తూర్పున ఉంది. నా పటంలో పడమరకు వెళ్ళిపోయింది. అంతే అయితే కొండ మీద చూసి నాలిక కరుచుకుని దిద్దుకునేవాళ్ళు. పడమర సరిగ్గా అంతే దూరంలో ఇంకో మసక చుక్క ఉంది. అదెవరిదో, ఏమిటో. ఎవరూ పేరు పెట్టలేదు.

ఇన్నేళ్ళలో మొదటిసారి. వెంటనే బొమ్మ తిరగేసి నా దగ్గరుంచుకునే ప్రతిని మళ్ళీ గీశాను. మూలన పొడి అక్షరాలు, కింద ఈ రోజు తేదీ. నా గది గోడ మీద పాతది తీసి ఇది అంటించాను. నా పేరు మీద ఒక్క తప్పు పటం గోడ మీద ఉండటానికి వీల్లేదు.

సాయంత్రం ఇంట్లో చెప్తాను.

ఫిబ్రవరి 28

సాయంత్రం ఇంట్లో అట్టపెట్టెలు తెచ్చిపెట్టారు. ఉద్యోగం ఇంకా రాలేదు, అట్టపెట్టెలు వచ్చేశాయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. గిన్నెల్లో ఏవి నావి, ఏవి వాళ్ళవి అని మరదలు అడిగింది. అన్నీ మనవే అన్నాను. నవ్వింది.

"పటం చూశాను వదినా, బాగా వచ్చింది" అంది.

చూసిందట. చూస్తే తెలియాలి కదా. కెమెరా తెర మీద ఆవిడకు కూన ఎప్పుడూ కుడిపక్కనే కనబడుతుంది. పటంలోనూ కుడిపక్కనే ఉంది. తిరగేసిన పటంలో అది ఎడమకు రావాలి. ఒక్క నిమిషం బుర్ర పెడితే తెలిసిపోతుంది. అంత చదువు చదివిన మనిషికి నేను చెప్పాలా. చెప్తే, నా పని నాకు తెలీదనుకుందా ఈవిడ అనుకుంటుంది. రేపు మెల్లగా, ఆవిడకే తట్టేట్టు, మాటల్లో పెడతాను.

మార్చి 1

మాట పెట్టడానికి సందు దొరకలేదు. ఇద్దరూ సినిమాకు వెళ్ళారు.

మార్చి 2

తమ్ముడు బట్టలు సర్దుతూ చిన్నప్పటి సంగతులు చెప్పాడు. వాడికి జ్వరం వస్తే నేను రాత్రంతా కూర్చునేదాన్నని మరదలితో చెప్పాడు. "అందుకే కదా నీకు జలుబు చేసినా నాకు ప్రాణం మీదికొస్తుంది, అంత గారం చేశారు" అంది ఆవిడ. వాడు ఎక్స్‌రే తీసేటప్పుడు పక్కన సీసపు అక్షరం పెడతాడు, ఎడమో కుడో తెలియడానికి. అది మర్చిపోయినవాడు ఆస్పత్రిలో ఉండకూడదని అంటాడు. రోగి మంచి కాలు కోసేస్తారు కదా అని.

సరే, ఇది కాలు కాదు. ఒక చుక్క. ఈసారి కాకపోతే వచ్చే ఏడాది కొలుస్తారు. అది అక్కడే ఉంటుంది, ఎక్కడికి పోతుంది.

మార్చి 3

మరదలు కొండకు బయల్దేరింది. తమ్ముడు బస్సు దాకా వెళ్ళాడు. గుమ్మంలో ఆగి సంచీ తడిమి చూసుకుంది, పటం ఉందా లేదా అని. "మీ పటం ఉంటే నాకు భయం లేదు వదినా" అంది. పడమర ఏ పక్కో ఒకసారి చూసుకో అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. అప్పుడే మెట్ల మీద నుంచి తమ్ముడు, "త్వరగా రా, అక్కకి టాటా చెప్పి" అని అరిచాడు. టాటా చెప్పింది.

జాగ్రత్త అన్నాను. అన్నాను కదా. జాగ్రత్త అనే అన్నాను.

మార్చి 4

బాగా నిద్ర పట్టింది.

మార్చి 6

వచ్చింది. మబ్బు అడ్డం వచ్చి సగం రాత్రిలో సగమే దొరికిందట, చుట్టూ పరికించి చూసుకునే తీరిక లేదట. పటం చూసి నేరుగా చీలిక కింద పెట్టేశాం, పటం మీది కాబట్టి సరిపోయింది వదినా అంది. కొలత మాత్రం ఏడిపించిందట. చుక్క వేగం ముసలమ్మ కుటుంబం వేగంతో కలవడం లేదు. చాలా ఎక్కువ. అంటే కూన ఇంటిది కాదు, ఎక్కడో వెనకది. మరదలి వాదమంతా గాలికి పోయింది.

ఆ మాట చెప్తూ నా మంచం అంచున కూర్చుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. నేననుకున్నాను, ఇప్పుడు వాదం కాపాడుకోవడానికి ఏదో ఒకటి కల్పిస్తుంది, చాలామంది చేసే పనే అది. ఆవిడ అలా చేయలేదు.

"నేను తప్పనుకోండి వదినా. ఉపన్యాసంలో అదే చెప్తాను. ముందు నేనన్నది తప్పు, కూన ఆ కుటుంబంలోది కాదు అని. ఉన్నదున్నట్టు చెప్తే ఉద్యోగం పోతుందా?"

పోదు అన్నాను. నిజాయితీ చూసి ఇస్తారు అన్నాను. అది అబద్ధం కాదు, నిజంగా అలాగే అనిపించింది నాకు. వేడిగా పాలు కలిపి ఇచ్చాను.

మార్చి 12

చెప్పడానికి ఇంకా సమయం ఉంది. అయితే ఇప్పుడు చెప్తే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారు. ముందే చెప్పవలసింది. ముందు చెప్పలేదు కాబట్టి ఇప్పుడు చెప్పడం కుదరదు. ఇది నాకు స్పష్టంగా కనబడుతోంది, ఎవరికి వివరించినా ఒప్పుకుంటారు.

మార్చి 20

ఉపన్యాసం అయిపోయింది.

హాలు నిండింది. తమ్ముడు సెలవు పెట్టి వచ్చి నా పక్కన కూర్చున్నాడు, కొత్త చొక్కా. మరదలు బాగానే మొదలుపెట్టింది. ముసలమ్మ బొమ్మ తెర మీద పడగానే వెనక బెంచీల వాళ్ళు చప్పట్లు కొట్టారు. తర్వాత తన పాత వాదం చెప్పి, కొలత చూపించి, "నేను పొరపాటుపడ్డాను, కూన ఈ కుటుంబంలోది కాదు" అంది. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు.

సున్నా సారు తన కాగితాలు సర్దుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. తర్వాత ఇంకో దేశపు బృందం పంపిన కొలత ఒకటి తెర మీద పెట్టించాడు. వాళ్ళు కూడా కూననే కొలిచారట, పోయిన వారమే. వాళ్ళ కొలతలో వేగం ముసలమ్మ కుటుంబం వేగంతో చక్కగా కలిసింది. పక్కన చిన్న బొమ్మ, ముసలమ్మ, తూర్పున కూన. పడమర ఇంకో చుక్క, దాని పక్కన రాసిన వేగం సరిగ్గా మరదలు చూపించినదే.

"అమ్మా, మీ వాదమే నిజం. మీ కొలతే తప్పు" అన్నాడు. "మీరు కొలిచింది అవతలి చుక్కని. ఇన్నేళ్ళూ చూసిన గెలాక్సీని, మీరే పేరు పెట్టినదాన్ని, మీరు గుర్తుపట్టలేకపోయారు. మీ చేతికి టెలిస్కోపు ఎలా ఇమ్మంటారు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. మరదలు తెర వంక చూస్తూ నిలబడింది. తన చేతిలో ఉన్న పటం చూసుకుంది, తెర చూసింది, మళ్ళీ పటం చూసుకుంది. ఇప్పుడు అంటుంది, వదిన పటం తప్పు అని అంటుంది అనుకున్నాను. అనలేదు. హడావుడిలో పటం తనే తిప్పి పట్టుకున్నానని అనుకుంది, ఇంటికొచ్చాక ఆ మాటే చెప్పింది. పటం తప్పు కావచ్చని ఆవిడకు తోచనే లేదు. "క్షమించండి" అని దిగిపోయింది.

అంత నమ్మకం మనిషికి మంచిది కాదు.

మార్చి 21

ఉద్యోగం ఇవ్వలేదు. చెప్పడానికి చిన్న గుమాస్తాను పంపారు.

మార్చి 29

మరదలు డిపార్ట్‌మెంటు మానేసింది. ఎవరు చెప్పినా వినలేదు. నేను కూడా చెప్పాను, పోనీలే, ఉద్యోగం లేకపోతే ఏం, ఇల్లుంది, నేనున్నాను అని. నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. తల నిమిరాను. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఇంత చేరువగా ఎప్పుడూ లేదు ఈ పిల్ల. నాకు జాలి వేసింది. నిజంగా వేసింది. ఇంతమందిలో ఆ పిల్లను ఓదార్చింది నేనొక్కదాన్నే.

తమ్ముడు కొండ ఊరి ఆస్పత్రి వాళ్ళకు రానని చెప్పేశాడు. అట్టపెట్టెలు మడిచి అటక మీద పడేశాడు.

హాల్లోకి తెరలు కొన్నాను. లేత నీలం. మరదలు బాగున్నాయంది.

ఏప్రిల్ 5

ముగ్గురం కలిసి భోంచేశాం. చాలా రోజుల తర్వాత. ఎవరూ మాట్లాడలేదు కానీ ముగ్గురం కలిసే భోంచేశాం.

ఏప్రిల్ 11

తమ్ముడు ఆఫీసుకొచ్చాడు. మరదలి బల్ల ఖాళీ చేసి సామాను తీసుకెళ్ళడానికి. నేను వేరే గదిలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి వాడు నా గదిలో గోడ ముందు నిలబడి ఉన్నాడు. గోడ మీది పటం ఊడదీసి సంచీలో పెట్టుకున్నాడు. అదెందుకురా అంటే, "జ్ఞాపకం" అన్నాడు.

ఏప్రిల్ 12

రాయాలి. రాస్తే తేలిక పడుతుంది.

సాయంత్రం వాడు ఆస్పత్రి నుంచి రాగానే చెప్పులు కూడా విప్పలేదు. నన్ను కిటికీ దగ్గరికి పిలిచాడు. రెండు పటాలు తీశాడు. ఒకటి మరదలి కాగితాల్లోది, ఒకటి నా గోడ మీదిది. ఎక్స్‌రే ఫిల్ము చూసినట్టు అద్దానికి ఆనించి వెలుగులో పట్టుకున్నాడు. రెంటికీ పొంతన లేదు. తర్వాత ఒకదాన్ని తిరగేసి రెండోదాని మీద పెట్టాడు. చుక్క మీద చుక్క సరిపోయింది.

"ఈ రెండూ నువ్వే గీశావు కదా అక్కా?"

నేనే అన్నాను. కాదంటే పొడి అక్షరాలు ఉన్నాయి.

"దీని కింద ఇరవై ఆరు అని ఉంది. దీని కింద ఇరవై ఏడు. తను కొండకి బయల్దేరింది మూడో తారీకున." వాడి వేలు తేదీల మీద అలాగే ఉంది. "నీ గోడకి దిద్దుకున్నావు. తనకి ఎందుకు చెప్పలేదు?"

మర్చిపోయానురా అన్నాను.

"నువ్వు మర్చిపోవు అక్కా" అన్నాడు. "నాకు రెండో తరగతిలో ఎన్ని మార్కులొచ్చాయో నీకు ఇప్పటికీ గుర్తు. నువ్వు ఏదీ మర్చిపోవు."

నేను చెప్పాను. ఏమేం చెప్పానో వరసగా గుర్తులేదు. వాడొచ్చి ఆ కబురు చెప్పినందువల్లే చెయ్యి తప్పిందన్నాను. చూసుకోవలసింది ఆవిడ అన్నాను. నిన్ను పెంచడానికి నేనేం త్యాగాలు చేయలేదు అన్నాను. అదెందుకన్నానో తెలీదు, మధ్యలో వచ్చేసింది. ఒంటరిగా ఈ ఇంట్లో ఏం చేయమంటావురా అన్నాను, అది మాత్రం ఏడుస్తూ అన్నాను. వాడు విన్నాడు. చిన్నప్పుడు నేను తిడితే ఎలా నిలబడేవాడో అలాగే నిలబడి విన్నాడు.

తలుపు దగ్గర మరదలు ఉంది. ఎప్పుడొచ్చిందో.

ఇప్పుడే పోదాం పద, సామాను తర్వాత తెచ్చుకుందాం అన్నాడు వాడు. గుమ్మం వైపు నడిచాడు. మరదలు వాడి చెయ్యి పట్టుకుని ఆపింది. ఏడుపు లేదు, అరుపు లేదు. నేను కొన్న తెరలను ఒకసారి సవరించింది.

"ఎక్కడికి వెళ్తాం? నాకు ఉద్యోగం లేదు, నీ కొత్త ఉద్యోగం వదులుకున్నావు. ఎక్కడికీ వెళ్ళం. వదినకి కావలసింది అదేగా." నా వైపు తిరిగింది. "మీతోనే ఉంటాం వదినా. మీరు పోయేదాకా."

ఏప్రిల్ 15

మరదలు ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. నేనే అడిగాను, చేస్తావా అని. చేయనంది. చేస్తే మిమ్మల్ని ఇంటికి పంపేస్తారు, పగలు కూడా మీ మొహం చూడాల్సొస్తుంది అంది. చాలా మామూలుగా అంది, సబ్బు అయిపోయింది అన్నట్టు.

ఏప్రిల్ 23

పొద్దున వంట నేను చేస్తాను. వాళ్ళు వడ్డించుకుని వాళ్ళ గదిలోకి తీసుకెళ్తారు. ఖాళీ పళ్ళాలు కడిగి బోర్లిస్తారు. ఒక్క మెతుకు వదలరు. వంటకి వంక పెట్టరు. ఉప్పు కావాలని ఎక్కువ వేశాను ఒక రోజు, ఏమైనా అంటారేమో అని. తినేశారు.

ఏప్రిల్ 30

తమ్ముడికి జ్వరం. తలుపు కొట్టాను. మరదలు సందులోంచి చూసి, "నేనున్నాను కదా" అంది. నేను ఆ రోజు అన్న మాటే. తలుపు వేసింది. తడిగుడ్డ పట్టుకుని హాల్లో కూర్చున్నాను. గుడ్డ ఆరిపోయింది.

మే 2

జ్వరం తగ్గింది. లోపల నవ్వుకుంటున్నారు. నన్ను గురించి కాదు, ఏదో సినిమా గురించి.

మే 8

అక్కా అని పిలిచి ఎన్నాళ్ళయిందో. వాడికి నాతో పని పడితే గోడకు చెప్పినట్టు చెప్తాడు. కరెంటు బిల్లు వచ్చింది. నీళ్ళు ఆగిపోయాయి. నేను సరే అంటాను. అది కూడా సంభాషణే.

మే 13

ఆఫీసులో ఒక కొత్త పటం అడిగారు. నాలుగుసార్లు తిరగేసి చూసుకున్నాను. ముంజేతి కంకణానికి అద్దం ఎందుకంటారు, నేను మాత్రం నా పటాలన్నీ అద్దం ముందు పెట్టి మరీ చూసుకుంటున్నాను. తప్పు లేదు. ఎందులోనూ తప్పు లేదు.

మే 18

ఆస్పత్రి స్నేహితులు మళ్ళీ భోజనానికి వచ్చారు. మరదలే పిలిచింది. నన్ను కూడా బల్ల దగ్గర కూర్చోమంది, అందరి ముందూ, వదినా అని నోరారా పిలిచి. నాకు చప్పున కన్నీళ్ళొచ్చాయి. పోనీలే, మనసు విరిగినా మనుషులు మనుషులే, రోజులు గడిస్తే అన్నీ సర్దుకుంటాయి అనుకున్నాను. మంచి చీర కట్టుకున్నాను. తమ్ముడి పక్క కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూర్చున్నాను. వాడు లేవలేదు.

పొట్టాయనకు సంగతులేమీ తెలియవు. మీ ముసలమ్మ ఎలా ఉందండీ అని అడిగాడు సరదాగా.

"ఉందండీ, అలాగే ఉంది" అంది మరదలు. "కుటుంబమంతా చుట్టూనే ఉంది. ఎవరూ ఎక్కడికీ పోరు. మనకి ఇక్కడినుంచి చూస్తే పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. అక్కడికి వెళ్ళి చూస్తే ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎంత చీకటో."

"అచ్చం మీ వదినగారిలా ఉంటుందన్నారు కదా అప్పుడు" అన్నాడతను.

మరదలు నా పళ్ళెంలో ఇంకొంచెం అన్నం పెట్టింది. చాలనలేదు నేను.

"అది జోకండీ" అంది. "పాపం ముసలమ్మకి తను ఏం చేస్తోందో తెలీదు."

పొట్టాయన ముందు నవ్వాడు, తర్వాత రెండో అతను. నేనూ నవ్వాను. తమ్ముడు నవ్వలేదు, పళ్ళెంలో చెయ్యి కడుక్కుని లేచి వాళ్ళ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

అతిథులు వెళ్ళాక గిన్నెలన్నీ నేనే కడిగాను. తెరలు దగ్గరికి లాగాను. అందరూ ఇంట్లోనే ఉన్నారు. ఎవరూ ఎక్కడికీ వెళ్ళడం లేదు.